నీటి పద్దు, జ్వరాల పద్దు: ఇంగ్లండు ఆరోగ్యాధికారుల నివేదికలపై ఒక పరిశీలన

ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో ఇంగ్లండులోని ప్రతి స్థానిక సంస్థా ఏడాదికొకసారి ఒక చిన్న పుస్తకాన్ని వెలువరించేది. దాని రచయిత ఆ ప్రాంతపు ఆరోగ్యాధికారి, అంటే ‘మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్’. వృత్తిరీత్యా వైద్యుడు, జీతం ఇచ్చేది పురపాలక సంఘం. లండన్ నగరానికీ దాని శివారులకూ చెందిన ఇటువంటి నివేదికలను, 1848 నుండి 1972 వరకు వచ్చినవాటిని, అయిదువేలకు పైగా, వెల్‌కమ్ గ్రంథాలయం డిజిటల్ రూపంలో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. చరిత్రకారులు వీటిని ఎక్కువగా అంకెల గనిగా వాడుకుంటున్నారు. ప్రజారోగ్య పాఠాలు చెప్పేవారు ప్రగతికి నిదర్శనంగా చూపుతున్నారు. ఈ రెండూ న్యాయమైన ఉపయోగాలే. అయితే ఒక రచనగా, ఒక ప్రక్రియగా వీటిని పరిశీలించినవారు తక్కువ. ఆ పని కొంత చేయాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. నివేదికలో విషయాలను పేర్చిన తీరే అధికారి చూపును కొంతవరకు నిర్ణయించిందనీ, ఆ తీరులోని ఖాళీలో మనుషులు మరణించిన సందర్భం ఉందనీ నా ప్రతిపాదన.

ముందుగా ఆ పుస్తకం స్వరూపం. ఒక శివారు ప్రాంతపు నివేదికను తెరిస్తే మొదట విస్తీర్ణం ఎకరాల్లో, జనాభా, నివాసగృహాల సంఖ్య, ఇంటిపన్నుకు ఆధారమైన విలువ కనిపిస్తాయి. తరువాత జననాలు, మరణాలు, శిశుమరణాలు. ఆపైన వైద్యసేవలు. ఆ తరువాత పారిశుద్ధ్యం: మంచినీటి సరఫరా, మురుగు కాలువలు, మరుగుదొడ్లు, చెత్త, పొగ, ఎలుకలు, నల్లులు, ఈతకొలనులు. పిమ్మట గృహవసతి. ఆ పిమ్మట ఆహార తనిఖీ: పాలు, మాంసం, ఐస్‌క్రీము, పనికిరావని పారవేసిన డబ్బా ఆహారాల తూకం. చివరగా అంటువ్యాధులు. ఏ ఊరి నివేదిక అయినా క్రమం దాదాపు ఇదే. ఊరు మారినా, అధికారి మారినా, పద్దులు మారవు.

ఈ స్థిరత్వం వల్ల కలిగిన మేలు చిన్నది కాదు. ఒకే పద్దును ఏళ్ళ తరబడి ఒకే పద్ధతిలో నింపడం వల్లనే మార్పు కంటికి కనిపించింది. ఇంగ్లండు, వేల్స్‌లలో 1901లో వేయి జననాలకు 150 దాకా ఉన్న శిశుమరణాలు 1950 నాటికి 30కి దిగాయి. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఏటా సుమారు మూడువేల మందిని, అత్యధికం పిల్లలనే, బలిగొన్న డిఫ్తీరియా, 1940 తరువాత జాతీయస్థాయిలో టీకాలు వేయడంతో, పదేళ్ళలో పదుల సంఖ్యకు పడిపోయింది. నివేదికల్లో డిఫ్తీరియా గడి క్రమంగా సున్నా కావడాన్ని చూసిన ఏ వైద్యుడూ చలించకుండా ఉండలేడు. కంఠంలో పొర కట్టి ఊపిరాడక పోయే పిల్లలను పాఠ్యపుస్తకాల్లో చదివి, ఆసుపత్రుల్లో చూసిన నా తరం భారతీయ వైద్యులకు ఆ సున్నా వెల ఏమిటో బాగా తెలుసు.

కానీ అంకెలు నిజమైనంత మాత్రాన వాటి నుండి తీసే నిర్ధారణ నిజం కానక్కరలేదు. శివారుల విషయంలో ఇది మరీ స్పష్టం. రెండు యుద్ధాల నడుమ లండన్ చుట్టూ లక్షల సంఖ్యలో కొత్త ఇళ్ళు వెలిశాయి. వాటిలో చేరినవారిలో పెళ్ళయిన కొత్త దంపతులూ, చిన్నపిల్లలున్న కుటుంబాలూ చాలా ఎక్కువ. పడుచువాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరిలో మరణాల రేటు తక్కువగా ఉండడం ఊరి గొప్పతనం కాదు, వయసు గొప్పతనం. సముద్రతీరంలో విశ్రాంత జీవులు స్థిరపడిన పట్టణాలకు ఇదే కారణం చేత ఎక్కువ రేటు వచ్చేది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం ప్రతి ప్రాంతానికీ వయసు, స్త్రీపురుషుల నిష్పత్తి ఆధారంగా ఒక గుణకాన్ని పంపేది. జాగ్రత్తపరులైన అధికారులు దానితో గుణించి సరిచేసిన రేటును పక్కనే అచ్చువేసేవారు. అయినా పాలకసభ్యుల కళ్ళకు ముందుగా ఆనేది ఏ అంకె అన్నది ఊహించడం కష్టం కాదు.

ఇక పద్దుల నడుమ ఖాళీ మాటకు వద్దాం. దీనికి నేను ఎంచుకున్న సందర్భం లండన్‌కు దక్షిణాన ఉన్న క్రాయిడన్ పట్టణంలో 1937 శరదృతువులో చెలరేగిన టైఫాయిడ్. అప్పటి జనాభా రెండు లక్షల ముప్పై వేలకు పైమాటే. సొంత నీటిసరఫరా, సొంత ఇంజనీరు, సొంత ఆరోగ్యాధికారి ఉన్న సంపన్న పురపాలక సంస్థ అది. అక్టోబరు చివర మొదలై ఆ ఏడాది ముగిసేలోగా మూడువందల మందికి పైగా జబ్బుపడ్డారు. 43 మంది మరణించారు.

కారణం ఆడింగ్టన్ అనే చోట ఉన్న లోతైన బావి. సుద్దరాతి పొరల్లోంచి ఊరే ఆ నీరు సహజంగానే స్వచ్ఛమైనదని పేరు. సెప్టెంబరు చివర ఆ బావిలో మరమ్మతులు మొదలయ్యాయి. కూలీలు లోపలికి దిగి పనిచేస్తుండగానే నీటిని ఊళ్ళోకి తోడుతూ వచ్చారు. ఆ కూలీలలో ఒకరు, ఎన్నడో టైఫాయిడ్ వచ్చి తగ్గినా, క్రిములను ఇంకా శరీరంలో మోస్తున్న వ్యక్తి. ఆ విషయం ఆయనకు తెలియదు. అదే సమయంలో నీటిని వడకట్టే యంత్రాన్ని దాటవేసి నీరు పంపుతున్నారు. క్లోరిన్ కలపడం ఆపివేశారు. ప్రభుత్వం నియమించిన విచారణాధికారి, న్యాయవాది మర్ఫీ, 1938లో వెలువడిన తన నివేదికలో ఈ మూడూ ఒకేసారి కలిసిరావడమే విపత్తుకు మూలమని తేల్చాడు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ మరణాలు సంభవించి ఉండేవి కావు.

నన్ను ఆపివేసినది మరొక అంశం. బావిలో పని జరుగుతున్న సంగతి ఆరోగ్యాధికారికి తెలియదు. నీరు ఇంజనీరు శాఖది. జ్వరం వైద్యుని శాఖది. వారిలో ఎవరూ దుర్మార్గులు కారు, తమ పని తెలియనివారు కారు. ఇంజనీరు దృష్టిలో అది బావి మరమ్మతు. వైద్యునికి అది అసలు కనబడలేదు. వార్షిక నివేదికలో ‘మంచినీరు’ ఒక అధ్యాయంలో, ‘అంటువ్యాధులు’ ఎన్నో పుటల తరువాత మరొక అధ్యాయంలో ఉన్నట్టే, కార్యాలయంలోనూ ఆ రెండూ వేర్వేరు గదుల్లో ఉన్నాయి. పుస్తకం నిర్మాణమూ పాలన నిర్మాణమూ ఒకదానికొకటి ప్రతిబింబాలు.

లెక్క కూడా ఈ విపత్తును దాచగలదు. 43 మరణాలను ఆ జనాభాతో భాగిస్తే వేయికి 0.2 కంటె తక్కువ. ఏడాది మొత్తపు మరణాల రేటులో అది మామూలు హెచ్చుతగ్గులలో కలిసిపోయేటంత స్వల్పం. ఊరంతా భయంతో నీళ్ళు కాచుకుని తాగిన రోజులు సగటులో కనబడవు.

దీనికి ఒక సమాధానం ఉంది, అది న్యాయమైనదే. వార్షిక నివేదిక హెచ్చరిక గంట కాదు, ఏడాది ముగిశాక రాసే పద్దు. హెచ్చరించే పనికి వేరే ఏర్పాటు ఉంది: 1889 చట్టం నాటి నుండీ ఇంగ్లండు వైద్యులు అంటువ్యాధి కనిపించగానే ఆరోగ్యాధికారికి చీటీ పంపడం మొదలైంది. క్రాయిడన్‌లోనూ ఆ చీటీల ఆధారంగానే రోగులు ఏ వీధుల్లో ఉన్నారో, ఆ వీధులకు ఏ బావి నీరు వస్తోందో పోల్చి చూడగలిగారు. అవి లేకపోతే మృతుల సంఖ్య మరెంత పెరిగేదో! దీన్ని ఒప్పుకుంటూనే ఒక మాట అనాలి. చీటీ రోగి మంచం పక్కన పుడుతుంది. క్లోరిన్ ఆగిన రోజున ఏ చీటీ పుట్టలేదు, ఎందుకంటే ఆ సంఘటనను రాసుకునే గడి వైద్యుని పుస్తకంలో లేదు. టైఫాయిడ్ క్రిమి శరీరంలో చేరిన తరువాత జ్వరం రావడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ వ్యవధి అంతా నీరు పారుతూనే ఉంది.

తెలుగు మాధ్యమంలో చదివిన మా సామాన్యశాస్త్రం పాఠంలో నీటివల్ల వచ్చే రోగాలకు మూలం ఎప్పుడూ ఊరి చెరువే. గేదెలు దిగే, బట్టలు ఉతికే చెరువు. అజ్ఞానం నుండి రోగం, విజ్ఞానం నుండి ఆరోగ్యం అన్న తీర్పు ఆ బొమ్మలోనే ఉండేది. క్రాయిడన్ ఆ తీర్పును సవరిస్తుంది. అక్కడ విజ్ఞానం ఉంది, యంత్రం ఉంది, క్లోరిన్ ఉంది. లోపించినది ఒక గది నుండి మరొక గదికి నడిచి వెళ్ళి చెప్పవలసిన ఒక మాట.

తరువాతి చరిత్ర కొంత ఊరటనిస్తుంది. జబ్బుపడిన ఒక బాలికా, ఆమె తండ్రీ వేసిన దావాలో 1938లోనే న్యాయస్థానం క్రాయిడన్ కార్పొరేషన్‌ను బాధ్యురాలిగా నిర్ణయించింది. 1939లో ఆరోగ్య మంత్రిత్వశాఖ నీటిసరఫరా సంస్థల రోజువారీ నిర్వహణలో పాటించవలసిన జాగ్రత్తలపై సూచనలు విడుదల చేసింది. అదే ఏడాది మద్రాసు రాష్ట్రం ప్రజారోగ్య చట్టం చేసింది. నాటి కోస్తా, రాయలసీమ జిల్లాలకు వర్తించిన ఆ చట్టంలోనూ ఇంగ్లండు తరహా ఆరోగ్యాధికారికి చోటు దక్కింది. పదవితో పాటు పద్దుల విభజన కూడా ప్రయాణం చేసి ఉంటుందా అన్నది మన మునిసిపల్ దస్త్రాలు చూసి తేల్చవలసిన ప్రశ్న.

ఇంగ్లండులో 1948లో జాతీయ ఆరోగ్యసేవ రావడంతో ఆసుపత్రులు ఈ అధికారుల చేయి దాటాయి. 1974లో ఆ పదవే రద్దయింది. 2013 నుండి ప్రజారోగ్య బాధ్యత తిరిగి స్థానిక సంస్థలకు వచ్చింది. నేటి నివేదికలు రంగుల పటాలతో, తెరపై కదిలే గీతలతో వస్తున్నాయి. వాటిని చదివేటప్పుడు నేను ఆ పాత పుస్తకాల నుండి నేర్చుకున్న రెండు విషయాలను మరచిపోకుండా ఉండాలనుకుంటాను. ఒకటి వాటి బలం: అంకెల కింద ఒక మనిషి తన పేరు రాసి సంతకం చేశాడు, అడగడానికి ఒకరున్నారు. రెండవది వాటి బలహీనత: ఆ సంతకం తన అధ్యాయాలకే పూచీ పడింది, వాటి నడుమ ఉన్న ఖాళీకి కాదు.

కనుక ఏ ఆరోగ్య పట్టిక చేతికి వచ్చినా, గడిలో ఎంత ఉందన్న ప్రశ్నతో ఆగకూడదు. ఈ గడిని నింపినవాడికి పక్క గదిలోని సంగతి ఎవరు చెబుతారన్నది కూడా అడగాలి. క్రాయిడన్‌లో 1937 సెప్టెంబరులో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.