ఇల్లు పెద్దది, కాఫీ వేడిగా ఉంది

గుణవాచకాల తరగతి అన్ని భాషలలోనూ ఒకే పరిమాణంలో ఉండదని ఆర్. ఎం. డబ్ల్యు. డిక్సన్ 1977 నాటి వ్యాసంలో వాదించాడు. ఆయన చూపిన ప్రసిద్ధమైన ఉదాహరణ నైజీరియాలోని ఇగ్బో భాష. అందులో గుణవాచకాలు ఎనిమిదే: పెద్ద, చిన్న, కొత్త, పాత, మంచి, చెడ్డ, నల్ల, తెల్ల. మన అచ్చతెలుగు విశేషణాల జాబితా చదివినట్టే లేదూ!

అయితే పదాల తరగతిని లెక్కించడంతో తెలుగు సంగతి తేలదు. అసలు భేదం వాక్యంలో ఉంది. ‘ఇల్లు పెద్దది’ అంటాం. ‘కాఫీ వేడిది’ అనం, ‘వేడిగా ఉంది’ అంటాం. వేడి చల్లారేది కదా. ‘ఇల్లు పెద్దగా ఉంది’ అన్నా కొలతకన్నా చూసినవారి అనుభవమే వినబడుతుంది. ఇక కోపం, ఆకలి వంటివాటి దగ్గర మనిషి ప్రథమా విభక్తిని వదిలి ‘కి’, ‘కు’లను తగిలించుకుంటాడు: ‘అతనికి కోపం ఎక్కువ’, ‘నాకు ఆకలిగా ఉంది’. వీటన్నిటినీ విశేషణమనే ఒకే గంపలో వేసే బడి వ్యాకరణం, అమెరికాలో పెరిగిన పిల్లవాడు ‘నేను ఆకలి’ అన్నప్పుడు తప్పెక్కడుందో చెప్పలేదు.