‘గుడ్ నైట్ ఆపీ’: కుజునిపై రోవరు కథ

రోవరు అనగా పరగ్రహతలముపై చక్రములతో సంచరించుచు పరిశోధనలు జరుపు యంత్రశకటము. అమెరికావారి ‘ఆపర్చునిటీ’ అట్టిది. 2004 జనవరిలో కుజగ్రహముపై దిగిన ఈ ఆరుచక్రముల శకటము 90 కుజదినములు పనిచేసిన చాలునని తలచిరి. అది 2018 జూన్ వరకు పనిచేసి, 45 కిలోమీటర్లకు పైగా నడచినది. దీని చరిత్రనే రయన్ వైట్ 2022లో ‘గుడ్ నైట్ ఆపీ’ అను చలనచిత్రముగా తీసెను.

చిత్రమున మెచ్చదగిన గుణములు పెక్కు కలవు. శాస్త్రజ్ఞులు వెరపును, సంతోషమును ఎరుగని వారు కారని ఇది చక్కగా చూపుచున్నది. రోవరు దిగిన రాత్రి ఆ కేంద్రమున విద్యార్థినిగా ఉండిన ఆబిగెయిల్ ఫ్రేమన్, తరువాత అదే రోవరు పరిశోధనలో ముఖ్య బాధ్యత వహించినది. హైస్కూలు విద్యార్థులకు ఇంతకంటె ప్రోత్సాహమేమి కావలెను?

అయితే చిత్రము యంత్రమును పసిబిడ్డగా, పిమ్మట వృద్ధురాలుగా భావింపజేయును. రోవరు చేతికి కీళ్లవాతము వచ్చినదను పోలికనే చూడుడు. వినుటకు ఇంపుగా ఉన్నను, ఆ మాట విన్న విద్యార్థి మరి ప్రశ్న వేయడు. జరిగినదేమి? భుజపు కీలును వెచ్చగా ఉంచు హీటరు మొదటినుండియు ఆగక పనిచేయుచుండెను. అది వృథాచేయు విద్యుత్తును మిగుల్చుటకు ఇంజనీర్లు రాత్రులందు రోవరు విద్యుత్తును నిలిపివేయసాగిరి. అందువలన ఆ కీలు పగలు మితిమీరిన వేడికి, రాత్రి మితిమీరిన చలికి గురియైనది. తుదకు 2005లో దాని మోటారు మొరాయించినది. చేతికి కీడు కలుగవచ్చునని ఎరిగియు, రోవరు ప్రాణము నిలుపుటకు వారీ మార్గమునే ఎన్నుకొనిరి. కీళ్లవాతమను ఒక్క మాట ఈ వివేకమునంతను మరుగుపరచుచున్నది.

రోవరు అంత్యసందేశము విషయమున లోకమంతయు ఇట్లే పొరబడినది. బ్యాటరీ తగ్గినదనియు, చీకటి పడుచున్నదనియు అది పలికినట్లు 2019లో ప్రచారమైనది. అవి ఒక పాత్రికేయుడు కూర్చిన మాటలు. 2018 జూన్ 10న ధూళితుఫాను నడుమ రోవరు పంపినవి మాటలు కావు, అంకెలు మున్నగు దత్తాంశమే: విద్యుత్తు దాదాపు 22 వాట్-గంటలకు పడిపోయినది, ఆకాశమున ధూళి మున్నెన్నడును కొలువనంత దట్టమైనది. ఆ అంకెలనుండి ప్రమాదమును గ్రహించినవారు మనుష్యులే.

ఉపాధ్యాయులు ఈ చిత్రమును తప్పక చూపవచ్చును. చూపునపుడు ఒక ప్రశ్న వేయవలెను: రోవరు నడచుచుండగా ప్రక్కనుండి చూపిన దృశ్యమును ఎవరు తీసిరి? కుజునిపై దాని ప్రక్క వేరొక కెమెరా లేదు. కనుక అవి చిత్రకారుల కల్పనలు. కల్పన దోషము కాదు. దానిని సత్యమని నమ్ముటయే దోషము. ఈ విచక్షణ అలవడినచో చిత్రము చూపిన శ్రమ సార్థకమగును.