తలుపు వద్ద తెలుపని కారణము

హైదరాబాదు పడమటి కొసన నానక్‌రామ్‌గూడలో 2019లో అమెజాన్ సంస్థ ప్రారంభించిన పెద్ద భవనమును, దాని పరిసరములనున్న ఇతర కార్యాలయములను చూచినవారికి, అక్కడి ఇంజనీర్లు నడిపే కంప్యూటర్లన్నీ ఆ గదులలోనే ఉండునని తోచవచ్చును. నిజమునకు వారు పనిచేయు సర్వర్లలో పెక్కు వేరొక ఊరిలోనో, వేరొక ఖండములోనో ఉండును. వాటిలోనికి దూరము నుండి ప్రవేశించుటయే రిమోట్ లాగిన్. లినక్స్ సర్వర్లలో ఈ పనికి సాధారణముగా వాడబడునది ఎస్.ఎస్.హెచ్. అను పద్ధతి. ఫిన్లాండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో పాస్‌వర్డులు దొంగల పాలైన మీదట, 1995లో టాటు యులొనెన్ దీనిని రచించెను. నేడు విరివిగా వాడుకలోనున్నది 1999లో వెలువడిన ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.

ఈ ప్రోగ్రాము పటిష్ఠతను శంకించువారు అరుదు. విమర్శింపదగినది దాని మాటతీరు.

నిర్వాహకుడు ‘రూట్’ అను సర్వాధికారపు పేరుతో సర్వర్‌లోనికి సులభముగా పోవును. సామాన్య వినియోగదారునికి మాత్రము ‘పర్మిషన్ డినైడ్’ అను రెండు మాటలే ఎదురగును. కారణములు అనేకము. ‘అలౌ యూజర్స్’ అను జాబితాలో అతని పేరు లేకపోవచ్చును. అతనికి కేటాయించిన షెల్ ప్రోగ్రాము అసలు ఆ యంత్రములో లేకపోవచ్చును. అతని తాళపుచెవి ఉన్న డైరెక్టరీకి అనుమతులు తప్పుగా ఉండవచ్చును. ఇన్నింటికిని సమాధానమొక్కటే! హాల్ టికెట్ లేనివానికిని, వేరే కేంద్రమునకు వచ్చినవానికిని, ఆలస్యముగా వచ్చినవానికిని ‘పో’ అని మాత్రమే చెప్పే పరీక్షాధికారి వంటిదీ ప్రోగ్రాము.

ఇందులో మరింత చిత్రమైనది మొదటి కారణము. జాబితాలో పేరు లేనివానిని సర్వర్ ఆరంభములోనే ‘అసలు లేని మనిషి’గా లెక్కించును. అయినను పాస్‌వర్డు అడుగును. ఇచ్చినదానిని నిజముగా సరిచూడక, చూచినట్లు నటించి త్రోసిపుచ్చును. సరియైన పాస్‌వర్డును నూరుమార్లు టైపు చేసినను ఫలితముండదు. పాపము, ఆ వినియోగదారుడు తన జ్ఞాపకశక్తినే నిందించుకొనును.

రచయితల పక్షమున న్యాయమైన వాదన ఒకటి కలదు. కారణము చెప్పినచో ఏ పేర్లు నిజమైనవో, ఏవి కావో దొంగకు తెలిసిపోవును. తలుపు బయట నిలిచినవాడెవడో తేలనంతవరకు మౌనమే మంచిది. ఈ వాదనను కాదనలేము. కాని గుర్తింపు రుజువైన పిమ్మట కూడ మౌనమెందుకు? సరియైన పాస్‌వర్డు ఇచ్చినవాడు పరాయివాడు కాడు గదా! విండోస్ సర్వర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వచ్చిన సామాన్యునికి, పాస్‌వర్డు సరిపడిన మీదట, ఆ హక్కు లేదనియు, అది ‘రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్’ అను వర్గమున చేరినవారికి ఉండుననియు స్పష్టముగా చెప్పబడును. అమెజాన్ వారి లినక్స్ యంత్రములలో సరియైన తాళపుచెవితో రూట్‌గా ప్రవేశింపబోయినచో, రూట్‌కు బదులు ‘ఇ.సి.2-యూజర్’ అను పేరుతో రమ్మని సందేశము వచ్చును. ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. కూడ ఈ మర్యాదను ఒకచోట పాటించుచున్నది. ‘నోలాగిన్’ అను ఫైలున్నప్పుడు రూట్‌ను తప్ప ఇతరులను రానీయదు గాని, ఆ ఫైలులో నిర్వాహకుడు వ్రాసిన మాటలను వారికి చూపును. అనగా ఈ మర్యాద దానికి తెలియనిది కాదు.

కారణము తెలియని నిర్వాహకుడు తొందరపడి చేసే చికిత్సలు రోగముకన్న చెడ్డవి. వినియోగదారుని హోమ్ డైరెక్టరీకి 777 అను అనుమతి నిచ్చుట వాటిలో ఒకటి. ఇందు చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1. మూడును కలిసి 7. యజమానికి, వర్గమునకు, ఇతరులకు ఒక్కొక్క అంకె. 777 అనగా లోకమంతయు అందులో వ్రాయవచ్చునని అర్థము. అట్లు వ్రాయగలవాడు తన తాళపుచెవిని అందు చేర్చి, యజమాని పేరుతోనే లోపలికి రాగలడు. కనుకనే ‘స్ట్రిక్ట్ మోడ్స్’ అను నియమము ప్రకారము సర్వర్ ఆ డైరెక్టరీలోని తాళపుచెవులను నమ్మదు. తలుపు తెరవబోయి ఇంకొక గడియ వేసినట్లగును. 700, లేక 755 అయినచో ఆక్షేపణ లేదు. రెండవ చికిత్స రూట్ పాస్‌వర్డును అందరికిని పంచిపెట్టుట. దానిని గురించి ఎంత తక్కువ చెప్పిన అంత మంచిది.

బయట చెప్పని కారణమును సర్వర్ లోపల వ్రాసియే ఉంచుచున్నది. రెడ్ హ్యాట్ వంటివానిలో ‘సెక్యూర్’ అను లాగ్‌లోను, డెబియన్ వంటివానిలో ‘ఆథ్’ అను లాగ్‌లోను, పేరు జాబితాలో లేదనియో, ఫలానా డైరెక్టరీ యాజమాన్యమో అనుమతులో చెడ్డవనియో ఒక్క వాక్యము కనబడును. దానిని చదువు హక్కు మాత్రము సామాన్యునికి ఉండదు. పాఠశాల ప్రయోగశాలలోనైనను, నానక్‌రామ్‌గూడ కార్యాలయములోనైనను అతడు నిర్వాహకుని వద్దకు పోయి, తాను ప్రయత్నించిన సమయమును, వాడిన పేరును చెప్పి, ఆ వాక్యమును చూడమని కోరవలసినదే.