కన్నీరు వుంది, కూలి లెక్క లేదు

మన కథల్లో కూలి స్త్రీకి కొదవ లేదు. ఆమె ఆకలి వుంది, తాగుబోతు భర్త వున్నాడు, కామందు వంకరచూపు వుంది. ఆమె చేసే పని మాత్రం లేదు. ఏ పని చేసింది, ఎంతసేపు చేసింది, దానికి ధర ఎవరు కట్టారు అన్నది కథలోకి రాదు. ఇది శిల్పలోపం కాదు, దృక్పథ లోపం.

1922లో ‘మాలపల్లి’తో ఉన్నవ లక్ష్మీనారాయణగారు కూలి తగాదాను తెలుగు నవలకు వస్తువు చేశారు. నాటి ప్రభుత్వం నిషేధించిందంటేనే ఆ నవల బలం తెలుస్తుంది. కాని చదివిన మనకు గుర్తుండిపోయింది సంగదాసు. తర్వాత వచ్చిన మనం ఆ బాటను వెడల్పు చేయవలసింది పోయి, కూలి అంటే మగవాడి కూలి అనుకోవడానికే అలవాటు పడ్డాం.

పేరులోనే ప్రత్తి వున్న మా ప్రత్తిపాడు చుట్టుపక్కల చేలు చూడండి. మందు కొట్టడం, బస్తాలెత్తడం మగవాళ్ళ పని. కలుపుతీత, పత్తితీత, మిరపకోత, కల్లంలో తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం ఆడవాళ్ళ పని. “ఆడవాళ్ళ చేతులు చురుకు” అని ఈ పనులు అప్పగిస్తారు, “తేలిక పని” అని కూలి తగ్గిస్తారు. పొద్దస్తమానం నడుము వంచి, కారం మంటకు రాత్రి అన్నం కలుపుకోలేని చేతులది తేలిక పనా?

చట్టం చూపూ ఇక్కడే ఆగింది. సమాన విలువగల పనికి సమాన వేతనమన్న 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికను మన దేశం 1958లో ఆమోదించింది. 1976 సమాన వేతన చట్టం మాత్రం ఒకే రకమైన లేదా దానిని పోలిన పని అన్నది. 2019 వేతనాల కోడ్ కూడా ఆ మాటనే నిలిపింది. మిరపచాలులో పక్కన మగవాడే లేనప్పుడు ఆమె కూలిని ఎవరి కూలితో పోల్చాలి? పనిని విడదీస్తే చాలు, చట్టాన్ని ఉల్లంఘించే అవసరమే రాదు.

కోతల రోజుల్లో మా తరగతి గదిలో ఆడపిల్లల బల్లలు ఖాళీ అవుతాయి. కిలో లెక్కన కూలి అయితే తల్లి చేతికి కూతురి చేయి తోడు కావాలి. నేను హాజరుపట్టీలో వేసే సున్న ఆ కూలి లెక్కలోదే.

జాలి కథలు చాలా వచ్చాయి. ఇక కాటా దగ్గర నిలబడిన స్త్రీ కథ రావాలి. విమర్శకులమైన మనం కూడా కథ చేతికి రాగానే, ఈమె ఎంత ఏడ్చింది అని కాక, ఈమె కూలి ఎంత, ఎందుకంత అని అడగాలి.