టిబెట్ పుస్తకం, గుడివాడ దిబ్బ

బౌద్ధం మాటొస్తే మనవాళ్లు తారానాథుణ్ణి ఉదహరిస్తారు. సంతోషమే. 1608లో ఆయన ఇండియాలో అడుగుపెట్టకుండానే, విన్నవీ చదివినవీ కూర్చి, భారత బౌద్ధ చరిత్రను టిబెటన్ భాషలో రాశాడు. ధాన్యకటకం పేరు టిబెట్ గుర్తుపెట్టుకుంది. ఇక్కడ గుడివాడ స్తూపం మాత్రం జనం నోట లంజదిబ్బ అయింది. పూజ పోయింది, తిట్టు మిగిలింది.

అయితే ఆ పుస్తకం ప్రధానంగా ఆచార్యుల చరిత్ర. ఎవరు ఎవరి శిష్యుడు, వాదంలో ఎవరు నెగ్గారు - దాని ధ్యాసంతా అదే. కృష్ణా తీరపు రాళ్లు వేరే మనుషుల్ని చూపిస్తాయి. ఘంటసాల శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. అమరావతిలో విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక దానమిచ్చాడు. అతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడట! చర్మకారుడి తండ్రి ఉపాధ్యాయుడు. ఈ ఒక్క ముక్క మీద ఎంత చర్చ జరగాలి?

ఎమ్మేలో నాకు తారానాథుణ్ణి చెప్పారు. విధికుణ్ణి చెప్పలేదు.