కసవాపాత్రుడు కసవు కాడు: కొండవీటి విజయం – శాసనం, ప్రబంధం

వ్యాససంగ్రహం: శ్రీకృష్ణదేవరాయలు 1515లో గజపతుల నుంచి కొండవీటిని గెలుచుకున్న ఘట్టాన్ని ప్రబంధ అవతారికలు ఒక తీరున, శాసనాలు మరొక తీరున చెప్పాయి. ఈ తేడాను, యుద్ధం ముగిశాక కొండవీటి అధికారుల ఆశ్రయంలో వచ్చిన రచనలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కొండవీడు, గజపతులు, మనుచరిత్ర, ఆముక్తమాల్యద, నాదెండ్ల గోపమంత్రి, ఉద్భటారాధ్యచరిత్ర.

మనుచరిత్ర అవతారికలో రాయల ప్రతాపాన్ని అగ్నిగా రూపించిన సీసపద్యం తెలుగు పాఠకులకు సుపరిచితమే. ఆముక్తమాల్యద అవతారికలోనూ అది కనిపిస్తుంది. ఉదయగిరి రాతికి ఖడ్గం తగిలినప్పుడు పుట్టిన నిప్పు కొండవీడెక్కి కసవాపాత్రుణ్ణి అంటుకుంటుంది. జమ్మిలోయలో పడి, గౌతమిని కాచి, పొట్నూరు, మాడుగుల, ఒడ్డాది మీదుగా కటకం చేరుతుంది. చరిత్రకారులు ఈ పద్యాన్ని దండయాత్రకు మార్గపటంగా ఉపయోగించుకున్నారు. అది న్యాయమే. అయితే పెద్దన ఊళ్లను వరుసపెట్టి ఊరుకోలేదు, ప్రతి పేరులోనూ ఇంధనాన్ని వెదికాడు. జమ్మి అగ్నిగర్భ. కసవు అంటే ఎండుగడ్డి. శత్రుసామంతుడి పేరులోనే గడ్డి దొరకడం కవికి అయాచితంగా లభించిన శ్లేష.

ఆ కసవాపాత్రుడు కల్పితవ్యక్తి కాడు. కొండవీడు పట్టుబడిన కొద్దికాలానికే వేయించిన అమరావతి శాసనంలో బందీల పట్టిక ఉంది. ప్రతాపరుద్ర గజపతి కుమారుడు వీరభద్రుడు, కుమార హంవీరుని కొడుకు నరహరి, రాచూరి మల్లూఖాను, ఉద్దండఖాను, పూసపాటి రాచిరాజు, శ్రీనాథరాజు, లక్ష్మీపతిరాజు మొదలైనవారి సరసన జన్యాల కసవాపాత్రుడూ కనిపిస్తాడు. వీరందరినీ ప్రాణాలతో పట్టుకొని అభయమిచ్చినట్లు శాసనం చెబుతుంది. అంటే శాసనవచనంలో బతికి బయటపడినవాడు ప్రబంధపద్యంలో కాలిపోయాడు. ఇది అతిశయోక్తే కదా అని తేల్చివేయడం సులభం. కానీ అభయదానం కూడా రాజకీర్తిలో భాగమే. శాసనకర్త దాన్ని వదులుకోలేదు, పెద్దన వదులుకున్నాడు. ఒకసారి అగ్నిని ప్రతాపంగా నిలిపిన తరువాత క్షమకు ఆ రూపకంలో చోటు లేదు. పద్యంలోని పట్టు, లోపం రెండూ ఇక్కడే ఉన్నాయని నా అభిప్రాయం.

విజయం ఎవరిదన్న విషయంలోనూ ఆధారాలు ఒక్కమాట మీద లేవు. శక 1437 యువ సంవత్సర ఆషాఢ శుద్ధ హరివాసరం, శనివారం, అనగా 23 జూన్ 1515న దుర్గం వశమైందని తేదీ చెప్పే శాసనశ్లోకం ఆ కార్యాన్ని సాళువ తిమ్మరుసుకు ఆపాదిస్తుంది. అమరావతి శాసనంలో అది రాయలది. మధుర నాయకుల ఆస్థానంలో పుట్టిందని ఫిలిప్ వాగనర్ నిర్ణయించిన రాయవాచకంలో గజపతిని పారదోలినది ఖడ్గం కాదు, పాత్రసామంతులపై అనుమానం పుట్టించేందుకు అప్పాజీ పంపిన లేఖలు. అగ్ని ఉత్తరంగా మారడానికి ఒక శతాబ్దమైనా పట్టలేదు!

బందీల తదనంతర జీవితం మరీ చిక్కైనది. వీరభద్రుడు అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. 1516 నాటి కన్నడదేశపు శాసనమొకటి మాత్రం అతణ్ణి మలెగ బెన్నూరు సీమకు పాలకుడిగా చూపుతుంది. అక్కడ అతడు వివాహపు పన్ను రద్దుచేసి, ఆ పుణ్యాన్ని తన తండ్రికీ రాయలకూ ధారపోశాడు. ఇద్దరు శత్రురాజులకు ఒకే ధర్మంలో పుణ్యం పంచిన ఈ యువరాజును ఏ ప్రబంధకవీ పట్టించుకోలేదు.

పెద్దన అగ్నికి ఎత్తులు కావాలి. శాసనాలు చెప్పే దుర్గాలూ (అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం) పడమటివే. కొండవీడు దిగి తూర్పుగా వస్తే తెనాలి, రేపల్లె, బాపట్లల మాగాణి సీమ. దుర్గాన్ని పోషించే ఈ పల్లపు నేల విజయగాథలో లేదు. అది సాహిత్యంలోకి వచ్చింది యుద్ధం తరువాత, ఉద్యోగుల ద్వారా.

తిమ్మరుసు మేనల్లుళ్లు నాదెండ్ల అప్ప, గోపమంత్రులు ఈ ప్రాంతపు కొత్త అధికారులు. మంగళగిరి స్తంభశాసనం వారి వంశాన్ని కొండవీటి విజయంతో కలిపి కీర్తిస్తుంది. మాదయగారి మల్లన రాజశేఖరచరిత్రను అప్పమంత్రికి అంకితమిచ్చాడు. కొండవీటి దుర్గాధ్యక్షుడైన గోపమంత్రి స్వయంగా గ్రంథకర్త. కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయానికి చంద్రికావ్యాఖ్య రాశాడు. ఆ నాటక ప్రస్తావన గుర్తు చేసుకోవాలి. చేది కర్ణుణ్ణి ఓడించి కీర్తివర్మకు రాజ్యం నిలిపిన గోపాలుడు, యుద్ధవ్యాపారం ముగిశాక శాంతరస నాటకాన్ని ప్రదర్శింపజేస్తాడు. గెలిచిన కోటలో కూర్చున్న గోపుడు దానికి వ్యాఖ్య రాయడం కేవలం యాదృచ్ఛికం కావచ్చు. అయినా రౌద్రానికి పెద్దన పద్యం, శాంతానికి ఈ వ్యాఖ్య అన్నట్టుగా రెండూ ఒకే విజయానికి ఇరువైపుల నిలిచాయి.

ఇక తెనాలి రామలింగకవి. కథలు ఆయన్ను భువనవిజయంలో కూర్చోబెట్టాయి. కృతిపతిని చూస్తే ఉద్భటారాధ్యచరిత్ర గోపమంత్రి కొలువులోని ఊరదేచమంత్రికి అంకితం. అంటే తెనాలి కవికి ఆశ్రయం రాజధానిలో కాదు, కొండవీటి కచేరీలో దొరికింది. శ్మశానంలోని పిశాచాలకు విముక్తి కలిగించిన శివగురువు కథను యుద్ధానంతర కావ్యంగా చదవాలన్న ఉత్సాహం కలుగుతుంది గాని, అది తొందరపాటు. చెప్పగలిగింది ఇంతే: దుర్గం చేతులు మారకపోతే ఈ అంకితానికి ఈ కృతిపతి ఉండడు. అష్టదిగ్గజాల చర్చలో మనం వెచ్చించిన శ్రమలో కొంతైనా ఈ కచేరీ కవిత్వానికి దక్కలేదు.

చివరగా ఆముక్తమాల్యద కల. కళింగంపై దండెత్తి పోతూ రాయలు విజయవాడలో విడిసి, శ్రీకాకుళంలో హరివాసరం ఉపవసిస్తాడు. కొండవీడు పడినదీ హరివాసరాననే అన్నది గమనార్హం. వేకువజామున ఆంధ్రవిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పమంటాడు. తెలుగు ఎందుకంటే చెప్పిన కారణాలలో, తనను కొలిచే రాజులందరితో సంభాషించిన రాయలకు ఆ సంగతి తెలుసునన్నదీ ఒకటి. తరగతి గదిలో ఈ పద్యాన్ని భాషాభిమానంగా బోధిస్తాం, దండు విడిసిన చోట పుట్టిన మాటగా బోధించం. ప్రతాపరుద్రుడు తన బిరుదుల్లో కర్ణాట, కలబరిగె అధీశ్వరుణ్ణని చెప్పుకుంటున్న కాలమది. తెలుగు నేల ఇద్దరికీ వివాదభూమి.

సంధి సమయంలో గజపతి కుమార్తెను వివాహమాడి, కృష్ణకు ఉత్తరాన గెలిచిన భూమిని రాయలు తిరిగి ఇచ్చాడు. కటకం దాకా సాగిన జైత్రయాత్రను చెప్పే అవతారిక యుద్ధం నడిచిన తరువాతిదే. నేటి నదీగమనాన్ని బట్టి చూస్తే శ్రీకాకుళం కృష్ణ ఎడమ గట్టున ఉంది. భట్టిప్రోలు, రేపల్లెలు కుడి గట్టున. సరిహద్దు నదే అయినప్పుడు కొండవీటి పల్లపు నేల రాయలకు మిగిలింది. తెలుగులో రాయమని ఆజ్ఞాపించిన దేవుడి గుడి గజపతి వైపుకు వెళ్లింది. ఆముక్తమాల్యద అవతారికలో ఈ సంధి ప్రస్తావన లేదు.