ఇంజిన్ పక్కన ఓ అల్యూమినియం పెట్టె

చూడ్డానికి పుస్తకమంత ఉంటుంది. వీపున వేడి వదిలే అల్యూమినియం రెక్కలు, ముందు వందకు పైగా పిన్నులున్న కప్లర్. మెకానిక్కుల నోట ఈసీయూ, ఈసీఎం అని నలిగే ఈ పెట్టెను కారు మెదడు అనడం అలవాటు. మూత తీస్తే అసలు సంగతి తెలుస్తుంది. లెక్కలు కట్టే మైక్రోకంట్రోలర్ తపాలా బిళ్లంతే. మిగతా బోర్డులో ఎక్కువ భాగం ఆ చిప్పును ఇంజిన్ మోటుదనం నుంచి కాపాడుతూ, దాని మాట ఇంజిన్ వినేలా చేస్తుంది. తయారీదారుల పనితనం కనిపించేది అక్కడే.

1967లో బాష్ కంపెనీ డి-జెట్రానిక్ ఇంజెక్షన్ వ్యవస్థను ఫోక్స్‌వ్యాగన్ 1600లో పెట్టినప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో అనలాగ్ సర్క్యూటే తేల్చేది. 1979లో బీఎండబ్ల్యూ 732ఐతో వచ్చిన మోట్రానిక్ పెట్రోలునూ స్పార్క్‌నూ ఒకే డిజిటల్ పెట్టెకు అప్పగించింది. నేటి ఈసీయూలు ఆ వంశానివే.

కరెంటు లోపలికొచ్చే గుమ్మం దగ్గర మొదలుపెడదాం. పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటాం గానీ, గడ్డకట్టే చలిలో స్టార్టర్ తిప్పేటప్పుడు అది 6 వోల్టులకు జారిపోవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడితే, అడ్డుకట్ట లేని ఆల్టర్నేటర్ నుంచి దాదాపు 100 వోల్టుల పోటు రావచ్చు. చిప్పు లోపలి భాగానికి కావలసింది మాత్రం ఒకటి, ఒకటిన్నర వోల్టులు. అందుకే కరెంటు వచ్చే దారిలోనే పోటును మింగే డయోడ్, ఒడిదుడుకులు సర్దే కెపాసిటర్లు, కాయిళ్లు, వాటి వెనక రెగ్యులేటర్ వరసగా కాపలా కాస్తాయి.

ఆ తర్వాత ఇంజిన్ సంగతులు చిప్పుకు అర్థమయ్యేలా చెప్పాలి. క్రాంక్‌షాఫ్ట్ మీది పళ్ల చక్రాన్నే తీసుకోండి. చాలా కార్లలో 60 పళ్లకు చోటుంటుంది, రెండు మాత్రం కావాలనే తీసేస్తారు. ఆ ఖాళీ సెన్సార్ ముందుకు వచ్చినప్పుడల్లా షాఫ్ట్ ఏ స్థానంలో ఉందో ఈసీయూకు తెలిసిపోతుంది. అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే పాతరకం సెన్సార్ ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే వోల్టు కూడా ఇవ్వదు, వేగం పెరిగితే పదుల వోల్టులు పుట్టిస్తుంది. బోర్డు మీది సర్క్యూట్ అంతటి తేడానూ సర్ది, పంటికొక చదరపు తరంగం చొప్పున చిప్పుకు అందిస్తుంది. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్క చుట్టుకు 10 మిల్లీసెకన్లు. ఒక డిగ్రీ దాటడానికి పట్టేది సుమారు 28 మైక్రోసెకన్లే. స్పార్క్ ఎప్పుడన్న లెక్క అంత కచ్చితంగా తేలాలి.

లెక్క తేలినా చిప్పు స్వయంగా ఏ కాయిల్‌నూ కదపలేదు. దానికంత బలం లేదు. ఆ పని అల్యూమినియం పెట్టెకు వీపు ఆనించి కూర్చున్న పవర్ ట్రాన్సిస్టర్లది. ఇగ్నిషన్ కాయిల్‌లో కరెంటును ఠక్కున ఆపితే తొలి చుట్టలో వందల వోల్టులు ఎగుస్తాయి, వాటిని ఓర్చుకునే ఐజీబీటీ అనే రకం ట్రాన్సిస్టర్ ఉండాలి. ఆ దెబ్బకే రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్ దగ్గర మెరుపవుతాయి. సిలిండర్‌లోకి నేరుగా పెట్రోలు చిమ్మే ఇంజిన్లలో ఇంజెక్టర్ చురుగ్గా తెరుచుకోవడానికి, బ్యాటరీ వోల్టేజీని 65 దగ్గరికి పెంచి కెపాసిటర్లలో దాచే సర్క్యూట్ ఉంటుంది. తెరుచుకున్నాక దాన్ని పట్టి ఉంచడానికి తక్కువ కరెంటు చాలు.

ఇంత అధికారం ఉన్న చిప్పుకు తప్పు చేసే స్వేచ్ఛ ఇవ్వరు. బోర్డు మీది మరో చిప్పు దాన్ని ఎప్పటికప్పుడు ప్రశ్నలడుగుతుంది. జవాబు తప్పినా, ఆలస్యమైనా థ్రాటిల్‌ను నడిపే సర్క్యూట్‌ను ఆపేస్తుంది. కొన్ని మైక్రోకంట్రోలర్లలో రెండు కోర్లు ఒకే లెక్కను చేసి, ఫలితాలు సరిపోల్చుకుంటాయి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో మన దేశంలో కొత్త బైకుల్లో చాలా వరకు కార్బ్యురేటర్ పోయి, సీటు కిందో ట్యాంకు కిందో ఓ చిన్న ఈసీయూ చేరింది. బండి మొరాయించగానే పెట్టె పోయిందంటూ తీర్మానించడం మామూలైంది. పని తెలిసిన మెకానిక్ ముందు ఎర్త్ వైరు చూస్తాడు, బ్యాటరీ వోల్టులు కొలుస్తాడు, కప్లర్ ఊడదీసి పిన్నులకు పచ్చటి చిలుము పట్టిందేమోనని లైటు వేసి వెతుకుతాడు. అవన్నీ బాగున్నాయని తేలాకే పెట్టె స్క్రూల మీద చెయ్యి వేస్తాడు.